కొండ దుంపయు, నరపు తొడుగును

కార్తీకము గడచి, అరకులోయ పొలములలో వలిసె పూలు పసుపు ఆరబోసినట్లు విరగబూచిన దినములవి. వారపు సంతలో గిరిజన స్త్రీలు చోళ్ళు, సామలు, అల్లము, అడవినుండి త్రవ్వితెచ్చిన దుంపలు గోనెలపై పరచి కూర్చుండిరి. విశాఖపట్నమునుండి భర్తతో కలసి వచ్చిన ఒక గృహిణి, నేను వైద్యుడనని ఎవరివలననో తెలిసికొని, ఒక దుంపను చేతబట్టుకొని నన్ను సమీపించినది.

"వైద్యులుగారూ! ఈ అడవి పెండలంలో హార్మోను ఉందట కదండీ. అది తింటే నరాల మీద పొర మళ్ళీ పెరుగుతుందని ఒకాయన చెప్పి, మాకు డబ్బా పొడి అమ్మాడు. షుగరు మాత్రలు ఇక మానేయవచ్చన్నాడు. మావారికి అరికాళ్ళు మొద్దుబారిపోతున్నాయి. ఆ పొడికి బదులు ఈ దుంపలే కొనుక్కుపొమ్మంటారా?" అని అడిగినది.

ఆ ప్రశ్నలో మూడు మాటలు ఇమిడియున్నవి. నరముల తొడుగును పోషించు హార్మోను ఒకటి కలదనునది మొదటిది, ఇది సత్యము. ఆ హార్మోనుకును దుంపకును సంబంధము కలదనునది రెండవది, ఇదియు సత్యమే. కనుక దుంప తినినచో నరములు బాగుపడును, మందులు మానవచ్చును అనునది మూడవది. ఇది అసత్యము, అపాయకరము. రెండు సత్యములను ముందుంచుకొని వచ్చు అసత్యమును గుర్తుపట్టుట కష్టము. కావుననే ఈ మూడింటిని విడివిడిగా పాఠకులకు విన్నవించుచున్నాను.

నరము, దాని తొడుగు

మన ఇండ్లలో విద్యుత్తు తీగపై రబ్బరు తొడుగు ఉండుట అందరును చూచినదే. మన దేహములోని నరపు తంతువులలో అనేకములకు అట్టి తొడుగే కలదు. దానిని మైలిన్‌ అందురు. 1854లో ఫిర్హో అను జర్మను వైద్యుడు దీనికి ఆ పేరు పెట్టెను. ఎండబెట్టి తూచినచో ఈ తొడుగులో సుమారు నూటికి 70 పాళ్ళు క్రొవ్వు పదార్థమే. అందు కొలెస్టరాల్‌ ముఖ్యమైనది. కొలెస్టరాల్‌ అనగానే భయపడు మనము, అది లేనిదే నరమునకు తొడుగే లేదని తెలిసికొనవలెను.

మెదడు, వెన్నుపాములందు ఈ తొడుగును అల్లు కణములు వేరు. కాళ్ళు, చేతులకు ప్రాకిన నరములపై అల్లు కణములు వేరు. ఈ రెండవ వానిని, 1839లో వర్ణించిన థియొడార్‌ ష్వాన్‌ పేరిట ష్వాన్‌ కణములందురు. ఒక్కొక్క ష్వాన్‌ కణము నరపు తంతువులో సుమారు ఒక మిల్లీమీటరు పొడవును తన బాధ్యతగా స్వీకరించి, చాప చుట్టినట్లు పొరపై పొరగా చుట్టుకొనును. ఒక కణమునకును మరియొక కణమునకును నడుమ చిన్న సందు ఉండును. నరములోని సంకేతము ఒక సందునుండి మరియొక సందునకు దాటుచు పరుగెత్తును. తొడుగులేని సన్నని తంతువులో సంకేతము సెకనుకు ఒకటి రెండు మీటర్లు మాత్రమే పోవును. దళసరి తొడుగు కలిగిన తంతువులో సెకనుకు నూరు మీటర్ల వరకును పోవును. కాలికి ముల్లు గ్రుచ్చుకొనిన వెంటనే పాదము పైకి లేచుట ఈ వేగము చలువయే.

తొడుగు చెడినచో సంకేతము మందగించును, దారి తప్పును, లేదా ఆగిపోవును. అప్పుడే తిమ్మిరి, చీమలు ప్రాకినట్లుండుట, మంటలు, చివరకు స్పర్శ తెలియకపోవుట సంభవించును. అయితే ష్వాన్‌ కణములందు ఒక గొప్ప గుణము కలదు. నరము తెగినను, నలిగినను ఇవి తమ పాత తొడుగును విప్పివేసి, చెత్తను శుభ్రపరచి, క్రొత్త తంతువు పెరుగుటకు దారి చూపి, తిరిగి దానిపై తొడుగు అల్లును. ఆ పెరుగుదల రోజునకు సుమారు ఒక మిల్లీమీటరు. తొడవద్ద దెబ్బతిన్న నరము పాదము చేరుటకు ఏడాదికి మించి పట్టవచ్చునన్నమాట. నరముల వ్యాధిలో పది దినములలో గుణమిచ్చెదమను ప్రకటనలను నమ్మరాదనుటకు ఈ ఒక్క లెక్క చాలును.

కణము తానే వండుకొను ఔషధము

ప్రొజెస్టిరాన్‌ అనగానే స్త్రీల గర్భాశయము, గర్భధారణ మనకు స్ఫురించును. అది అండాశయములలో పుట్టు హార్మోను అని మాత్రమే చిరకాలము తలచిరి. 1981లో ఎతియెన్‌ ఎమిల్‌ బొలియో అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు ఎలుకల మెదడులో కొన్ని స్టెరాయిడ్లు రక్తముతో నిమిత్తము లేకుండ నిలిచియుండుట గమనించిరి. నాడీమండలములోనే తయారగు ఇట్టి వానికి ఆయన న్యూరోస్టెరాయిడ్లని పేరు పెట్టెను. ఎచ్చట పుట్టినను నరములపై పనిచేయు స్టెరాయిడ్లన్నింటిని కలిపి నేడు నాడీప్రభావక స్టెరాయిడ్లని వ్యవహరించుచున్నారు.

1995లో ఆయన బృందము ప్రచురించిన పరిశోధన మన విషయమునకు మూలస్తంభము. మగ ఎలుకల తుంటినరమును అతిశీతలముతో గాయపరచి, అది తిరిగి ఎట్లు కోలుకొనునో పరిశీలించిరి. ష్వాన్‌ కణములు ప్రెగ్నెనొలోన్‌ అను పదార్థమునుండి ప్రొజెస్టిరాన్‌ను తామే తయారుచేసికొనుచున్నవని తేలెను. ఆ తయారీని అడ్డగించినను, తయారైన దాని పనిని అడ్డగించినను తొడుగు సరిగా ఏర్పడలేదు. గాయమైన చోట ప్రొజెస్టిరాన్‌ అందించినచో తొడుగు మెరుగుగా ఏర్పడెను. ఇవి మగ జంతువులని మరువరాదు. స్త్రీల హార్మోనని మనము పేరు పెట్టినది పురుషుని కాలినరములోను నిశ్శబ్దముగా పనిచేయుచున్నదన్నమాట.

తయారీ క్రమమును వంటింటి భాషలో చెప్పెదను. పాలు తోడుకొని పెరుగగును, పెరుగు చిలికిన వెన్నయగును, వెన్న కాచిన నేయి యగును. అట్లే కొలెస్టరాల్‌ నుండి ప్రెగ్నెనొలోన్‌, దానినుండి ప్రొజెస్టిరాన్‌, దానినుండి డైహైడ్రోప్రొజెస్టిరాన్‌, దానినుండి అలోప్రెగ్ననొలోన్‌ ఏర్పడును. ఒక్కొక్క మెట్టునకు ఒక్కొక్క ఎంజైము కావలెను. ఇటలీలోని మిలాన్‌ నగరమున మెల్కాంజీ, ఆయన సహచరులు ఈ మెట్లలో వేర్వేరు పదార్థములు మైలిన్‌లోని వేర్వేరు మాంసకృత్తుల ఉత్పత్తిని ప్రేరేపించునని చూపిరి. మధుమేహము కలిగించిన ఎలుకలలో ఈ పదార్థములు నరములకు కొంత రక్షణ నొసగినవనియు వారు వెల్లడించిరి.

దుంప కథ

ఇక రెండవ సత్యము. 1930 దశకములో ప్రొజెస్టిరాన్‌ బంగారముకంటె ప్రియము. వేలకొలది పందుల అండాశయములనుండి తీసినను కొన్ని మిల్లీగ్రాములే దొరకెడివి. అమెరికా దేశపు రసాయన శాస్త్రజ్ఞుడు రస్సెల్‌ మార్కర్‌, కొన్ని దుంపలలో నుండు డయోస్జెనిన్‌ అను పదార్థమును ప్రొజెస్టిరాన్‌గా మార్చవచ్చునని కనుగొని, మెక్సికో దేశపు వేరక్రూజ్‌ ప్రాంతమున ఒక అడవి పెండలము జాతి దుంపను సంపాదించెను. 1943లో ఆయన రెండు కిలోలకు పైగా ప్రొజెస్టిరాన్‌ను తయారుచేసి లోకమును విభ్రాంతిపరచెను. ఆ మరుసటి సంవత్సరము మెక్సికోలో సింటెక్స్‌ సంస్థ వెలసినది. తరువాతి గర్భనిరోధక మాత్రల చరిత్రకు ఆ దుంపయే బీజము.

ఆ దుంపల జ్ఞాతులు మన తూర్పు కనుమలలోను కలవు. మన పెరటి పెండలమును ఆ కుటుంబములోనిదే. చెంగల్వకోష్టు దుంపలోను, మన పోపులపెట్టెలోని మెంతులలోను డయోస్జెనిన్‌ కలదు. ఇంతవరకు పొడి అమ్మినవాడు చెప్పినది నిజమే.

కాని మార్కర్‌ మహాశయుడు దుంపను ఉడికించి తినలేదు. డయోస్జెనిన్‌ను వేరుచేసి, ఘాటైన ఆమ్లములతోను రసాయనములతోను ప్రయోగశాలలో అనేక దశలుగా మార్చెను. ఆ మార్పును చేయగల ఎంజైము మానవదేహములో లేదు. మనము తినిన దుంపలోని డయోస్జెనిన్‌ కడుపులో ప్రొజెస్టిరాన్‌గా మారదు. చెరకుగడ నమలినంతమాత్రమున నోటిలో పటికబెల్లము తయారు కాదుగదా! అడవి పెండలము పొడులకు, పూతలకు ప్రొజెస్టిరాన్‌ గుణము ఆపాదించి అమ్మువారు ఈ ఒక్క మెట్టును దాచిపెట్టుచున్నారు.

దుంపలను మనకంటె బాగుగా ఎరిగినవారు గిరిజనులు. అడవి దుంపలలో కొన్ని చేదైనవి, విషపూరితములు. వానిని సన్నగా తరిగి, ఉడికించి, బుట్టలలో వేసి పారుచున్న గెడ్డనీటిలో నానబెట్టి, చేదు పోయినపిదపనే వారు భుజింతురు. ఏ దుంపకు ఎంతకాలము నాననీయవలెనో తల్లి కూతురికి నేర్పును. పట్టణవాసి ఆ విద్య తెలియకయే సంతలో దుంప కొని పచ్చిపొడి చేసికొని మ్రింగినచో వాంతులు, గొంతుమంట మొదలుకొని ప్రాణాపాయము వరకు రావచ్చును. వారికది ఆకలినాటి ఆహారము. హార్మోను ఔషధమని వారెన్నడును చెప్పలేదు.

హార్మోనును తిన్నగా ఇచ్చినచో?

దుంప వద్దు, ప్రొజెస్టిరాన్‌నే సూదిమందుగా ఇచ్చినచో నరములు బాగుపడవా యని బుద్ధిమంతులు అడుగుదురు. తలకు తీవ్రమైన దెబ్బ తగిలిన రోగులకు ప్రొజెస్టిరాన్‌ ఇచ్చి చేసిన రెండు పెద్ద పరీక్షల ఫలితములు 2014లో వెలువడినవి. జంతువులలో ఎంతో ఆశ కల్పించిన ఆ మందు మనుష్యులలో మేలు చూపలేదు.

మరియొక ఉదాహరణము మరింత హెచ్చరిక చేయుచున్నది. వంశపారంపర్యముగా కాళ్ళు చేతుల నరములు క్షీణించు వ్యాధి యొకటి కలదు. అందొక రకములో మైలిన్‌ మాంసకృత్తికి సంబంధించిన పి.ఎం.పి. 22 అను జన్యువు ఒకటి అధికముగా ఉండుటచే తొడుగు చెడును. ఈ వ్యాధి గల ఎలుకలకు ప్రొజెస్టిరాన్‌ ఇచ్చినచో వ్యాధి ముదిరినదనియు, దాని పనిని అడ్డగించు మందు ఇచ్చినచో తగ్గినదనియు 2003లో జర్మను పరిశోధకులు చూపిరి. ఒక నరమునకు పోషణ యైనది మరియొక నరమునకు హాని యైనది. రోగమును, రోగిని చూడక ద్రవ్యమును మాత్రము చూచి మందీయరాదను మన పెద్దల మాట ఇచ్చట అక్షరసత్యము.

ఈ మార్గమున ఫలితములు లేకపోలేదు. అలోప్రెగ్ననొలోన్‌ను కాన్పు తరువాత కలుగు తీవ్రమైన మనోవ్యాకులతకు మందుగా 2019లో అమెరికా ప్రభుత్వ సంస్థ అనుమతించినది. అదే కోవకు చెందిన జురనోలోన్‌ మాత్రకు 2023లో అనుమతి లభించినది. కాని ఇవి మనస్సునకు సంబంధించిన వ్యాధికి. మొద్దుబారిన పాదములపై తొడుగు అల్లుటకు కాదు.

నా పొరపాటు

నేను గురుకులమున గురువుగారి పాదములవద్ద కూర్చుండి వైద్యము నేర్చినవాడను. యౌవనములో ఈ కొండలకు వచ్చిన క్రొత్తలో జరిగినది ఎన్నడును మరువను. కాఫీతోటలో పనిచేయు ఒక గిరిజన యువకుడు కాలి మడమపై కాలిన పుండుతో వచ్చెను. "పొయ్యికాడ నిప్పుమీద కాలెట్టేసినాను బాబూ, కమురు వాసనొస్తే గాని తెలీలేదు" అని నవ్వుచు చెప్పెను. నేను వాతవ్యాధి యని నిశ్చయించి తైలమర్దనము, కాపడము చేయించితిని. పుండు మానినది. నాకు గర్వము కలిగినది. మూడు నెలల తరువాత అతడు తిరిగివచ్చునప్పటికి కుడిచేతి చివరి రెండు వ్రేళ్ళు ముడుచుకొని పోయినవి.

అప్పుడు ప్రభుత్వ ఆరోగ్యకేంద్రమునకు తోడ్కొనిపోతిని. అచ్చటి యువవైద్యుడు అతని మోచేతి వెనుక వ్రేలు పెట్టి, త్రాడువలె లావెక్కిన నరమును నాకు చూపెను. వీపుపై పాలిపోయిన మచ్చను దూదితో తాకి, స్పర్శ లేదని చూపెను. అది కుష్ఠువ్యాధి. 1873లో హాన్సెన్‌ కనుగొనిన ఆ సూక్ష్మజీవి ముఖ్యముగా చేరి నివసించునది ఈ ష్వాన్‌ కణములలోనే. నరమును కాపాడు కణమే శత్రువునకు ఇల్లగును. కుష్ఠపూర్వరూపములలో స్పర్శ తెలియకపోవుటను మన శాస్త్రములు చెప్పియే యున్నవి. శ్లోకము నాకు కంఠస్థమే. రోగి వీపుపై చేయి వేసి చూడలేదు. దోషము శాస్త్రముది కాదు, నాది.

బహుళ ఔషధ చికిత్సతో అతని వ్యాధి నయమైనది. నరము వాచినప్పుడు వైద్యులు ప్రెడ్నిసొలోన్‌ అను స్టెరాయిడును లెక్కప్రకారము ఇచ్చి, మెల్లమెల్లగా తగ్గించిరి. అడుగున కొంత స్పర్శ తిరిగివచ్చెను గాని ఆ రెండు వ్రేళ్ళు నేటికిని వంగియే యున్నవి. నా మూడు నెలల ఆలస్యమునకు అవి సాక్ష్యము. 1983లో జాతీయ కుష్ఠు నిర్మూలన కార్యక్రమము మొదలైనది. 2005 డిసెంబరు నాటికి దేశము మొత్తముమీద రోగుల సంఖ్య పదివేలకు ఒకటికంటె తగ్గినది. అంతమాత్రమున వ్యాధి అంతరించలేదు. మందులు ప్రభుత్వాసుపత్రులలో ఉచితము. పాలిపోయిన లేక ఎర్రబారిన స్పర్శలేని మచ్చ కనబడినచో సిగ్గుపడక వెళ్ళవలెను.

ఆయుర్వేదము ఏమి చెప్పును?

మజ్జయే మైలిన్‌ అని కొందరు వ్రాయుచున్నారు. నేనట్లు చెప్పజాలను. సప్తధాతువులలోని మజ్జ అస్థులలో నిండియుండు స్నిగ్ధధాతువు. మన ఆచార్యులు సూక్ష్మదర్శిని చూచినవారు కారు. అయినను వాతము రూక్షమనియు, దానికి స్నేహము ప్రతిపక్షమనియు వారు చెప్పిరి. నరపు తొడుగు స్నిగ్ధపదార్థమయమని నేటి శాస్త్రము చెప్పుచున్నది. ఈ పోలిక ఆలోచనకు దారి చూపును గాని చికిత్సకు ప్రమాణము కాదు.

ఇచ్చట ఒక తెలుగువాని స్మరింపవలెను. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు మద్రాసులో ఆయుర్వేద కళాశాల యందు శరీరశాస్త్రము బోధించి, పిదప అమెరికా వెళ్ళి, లెడర్లీ సంస్థలో ఫోలిక్‌ ఆమ్లమును వేరుచేసి తయారుచేసిన బృందమునకు నాయకత్వము వహించిరి. ఫోలిక్‌ ఆమ్లము రక్తహీనతను తగ్గించును. కాని బి-12 విటమిను లోపించినవారికి ఫోలిక్‌ ఆమ్లము మాత్రమే ఇచ్చినచో రక్తము బాగుపడినట్లు కనబడుచుండగనే నరముల తొడుగు లోలోపల చెడుచుండును. బి-12 లేనిదే మైలిన్‌ నిలువదు. అది శాకములలో లేదు. పాలు, పెరుగులలో కొంత కలదు. పాలు తీసికొనని శాకాహారులు, వృద్ధులు, మధుమేహమునకు మెట్‌ఫార్మిన్‌ మాత్రలు చిరకాలముగా వాడువారు ఒకసారి రక్తపరీక్ష చేయించుకొనుట మేలు.

ఇంటిలో పాటింపదగినవి

1. తిమ్మిరి, మొద్దుబారుట రెండు వారములకు మించినచో కారణము తెలిసికొనవలెను. మధుమేహము, బి-12 లోపము, మద్యపానము, కుష్ఠు, థైరాయిడ్‌ వ్యాధి మొదలగునవి కారణములు కావచ్చును. కారణము తెలియక తైలము రాచుట నేను చేసిన తప్పే.

2. స్పర్శ తగ్గిన పాదములకు వేడి కాపడము, వేడినీటి తొట్టి పనికిరావు. నీటివేడిని ఇంటిలో మరియొకరు మోచేతితో చూడవలెను.

3. ప్రతి రాత్రియు అరికాళ్ళను, వ్రేళ్ళ సందులను వెలుతురులో చూచుకొనవలెను. వంగలేనివారు అద్దము నేలపై పెట్టి చూచుకొనవచ్చును.

4. పుండు లేనిచో గోరువెచ్చని నువ్వులనూనెతో మృదువుగా పాదాభ్యంగము చేసికొనవచ్చును. చర్మము పగులకుండును, నిద్ర పట్టును, రోజును పాదమును తాకి చూచినట్లగును. అది నరమును పునర్నిర్మించునని మాత్రము ఆశపడరాదు.

5. మెంతులు ఆహారముగా మంచివే. కాని వానిని నమ్మి మధుమేహపు మందులు మానరాదు. పెండలము పిండిపదార్థము, మధుమేహులు అన్నమునకు బదులుగా, కొలతతో మాత్రమే తినవలెను.

6. పేరు, తయారీదారు వివరములు లేని పొడులలో కొందరు స్టెరాయిడ్‌ మాత్రలు నూరి కలుపుదురు. రెండు దినములలో అద్భుతముగా నొప్పి తగ్గినచో సంతోషింపక అనుమానింపవలెను. అట్టి పొడి చాలకాలము వాడినవారు తటాలున మానరాదు. వైద్యుని పర్యవేక్షణలో మానవలెను.

ఆ గృహిణికి నేను సంత నడుమనే ఈ విషయములన్నియు చెప్పజాలనైతిని. "అమ్మా, దుంపను వారికే ఉంచండి. మీవారి మాత్రలు ఈ రాత్రినుండే మరల మొదలుపెట్టి, రేపు మీ వైద్యునికి పాదములు చూపండి. ఆ డబ్బాను కూడ తీసికొనిపోయి చూపండి" అని మాత్రము చెప్పితిని. ఆమె వెనుక నిలిచిన భర్త తన చెప్పును విప్పి చూపెను. ఎడమపాదము బొటనవ్రేలి క్రింద చిన్న రాయి గ్రుచ్చుకొని నెత్తురు చిమ్మియున్నది. ఆయనకు తెలియనే లేదు.

ఆ రాతిని తీసి, శుభ్రపరచి, కట్టు కట్టి పంపితిని. ఒక నెల తరువాత ఆమె ఉత్తరము వ్రాసినది. చక్కెర అదుపులోనికి వచ్చుచున్నదట; బి-12 తక్కువగా ఉండగా సూదిమందు ఇచ్చుచున్నారట; పుండు మానినదట. మొద్దుబారుట అట్లే యున్నదట. అది నిదానముగా తగ్గవచ్చును, తగ్గకపోవచ్చును. ష్వాన్‌ కణములు తమ పని తాము ఓపికగా చేసికొనుచుండును. వానికి అడ్డుతగులు రోగమును తొలగించుట, పాదమును కాపాడుకొనుట మన పని.